మిల్లు గొప్పా, గుడ్డు గొప్పా?

జపాన్ పట్టు వైభవం గురించి ఎవరు రాసినా తొమియోకా ఎర్ర ఇటుకల మిల్లు ఫొటో వేస్తారు. 1872లో ప్రభుత్వమే ఫ్రెంచి నిపుణుడు పాల్ బ్రూనాను పెట్టుకుని కట్టించిన మిల్లు అది. మొదట్లో పనికి ఆడపిల్లలు దొరకలేదట. దొరలు తాగే ఎర్ర వైను చూసి, అది మనుషుల నెత్తురేనని ఊళ్లలో పుకారు లేచింది. చివరికి సమురాయ్ ఇళ్ల నుంచే కూతుళ్లను పంపాల్సి వచ్చింది.

వినడానికి బాగుంటుంది. కానీ దాదాపు ఆ రోజుల్లోనే దక్షిణ చైనాలో చెన్ చియువాన్ అనే వ్యాపారి కూడా ఆవిరి వాడి గూళ్ల నుంచి దారం తీసే మిల్లు పెట్టాడు. 1881లో అక్కడి నేతగాళ్లు మా కూడు పోతోందంటూ మిల్లుల మీద పడ్డారు. అయినా మిల్లులు పెరిగాయే గానీ తగ్గలేదు. యంత్రాలు ఇద్దరికీ ఉన్నాయి. మరి వేల ఏళ్లుగా పట్టు తీస్తున్న చైనాను 1910 నాటికే జపాన్ ఎగుమతుల్లో ఎలా దాటేసింది?

నన్నడిగితే ఫొటో వెయ్యాల్సింది జపాన్‌లోనే ఉన్న అరాఫునెది. అక్కడ కొండరాళ్ల సందుల్లోంచి మండువేసవిలోనూ చల్లగాలి కొడుతుంది. 1905 నుంచి అక్కడ పట్టుపురుగుల గుడ్ల కాగితాలు దాచారు. సన్నటి ఆవగింజల్లాంటి గుడ్లు అంటుకున్న కాగితాలవి. చలిలో ఉన్నంతకాలం గుడ్డు పగిలి పురుగు రాదు. కావలసినప్పుడు బయటికి తీస్తే వేసవికో పంట, శరత్తుకో పంట. 1906లో శాస్త్రవేత్త తొయామా కమెతారో రెండు జాతులు కలిపిన సంకరం గుడ్లే వాడమన్నాడు. అవి ఊరూరా చేరాక గూళ్లన్నీ ఒకే తీరున రాసాగాయి, దారం ఎగుడుదిగుడు తగ్గింది. పోగు తెగితే మగ్గం ఆగే అమెరికా మిల్లులకు కావలసింది అదే. చైనా రైతేమో ఊరికో జాతి మేపుతూ, తల్లి పురుగు నుంచి గుడ్డుకు దిగే పెబ్రిన్ తెగులుతో సతమతమవుతూ ఉండిపోయాడు.

అక్కడా కళ్లు తెరిచినవాళ్లున్నారు. జపాన్‌లో చదివొచ్చిన ఫెయ్ దాషెంగ్ అనే యువతి కైషియాన్‌గోంగ్ ఊళ్లో రైతులతో సహకార మిల్లు పెట్టించింది. అది 1929. అదే ఏడు జపాన్‌లో 22 లక్షల రైతు కుటుంబాలు పురుగులు మేపుతున్నాయి. తర్వాత నైలాన్, యుద్ధం, పెరిగిన కూలి జపాన్ పట్టును దెబ్బతీశాయి. 1970ల్లో చైనా మళ్లీ ముందుకొచ్చింది. జపాన్‌లో ఇప్పుడు మేపే కుటుంబాలు రెండు వందలు కూడా లేవు.

ఆ విద్య మాత్రం మన దాకా వచ్చింది. హిందూపురం మార్కెట్లో పచ్చగూళ్ల కన్నా ఎక్కువ పలికే తెల్ల బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాల జాతి) గూళ్లు, 1990ల్లో జపాన్ సాయంతో మైసూరులో తీసిన సంకరాల చలవే. ధర్మవరంలో పడుగుకు వాటి దారంతో పోటీపడేది చైనా దారం. దిగుమతి సుంకం పెంచమని మనవాళ్లు ఢిల్లీకి అర్జీలు పెడుతుంటారు. పెట్టాల్సిందే. దానికి ముందు రైతుకిచ్చే గుడ్లలో ఎన్నింటి నుంచి ఒకేసారి పురుగులు వస్తున్నాయో కూడా ఎవరైనా అడిగితే బాగుండు.