శీర్షిక ఎంతవరకు చెప్పాలి? నల్లగొండ ఫ్లోరోసిస్‌పై మూడు పరిశోధన వ్యాసాల పరిశీలన

1.0 ఉద్దేశం

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- పరిశోధన వ్యాసం శీర్షికను విమర్శనాత్మకంగా చదవగలుగుతారు.
- మీ ఫలితాలు అనుమతించినంత మేరకే శీర్షిక పెట్టగలుగుతారు.
- పత్రికకు పంపే ముందు వ్యాసాన్ని సరిచూసుకోగలుగుతారు.

1.1 పరిచయం

శాస్త్ర పత్రికకు పంపే వ్యాసంలో సారాంశం, పరిచయం, పద్ధతి, ఫలితాలు, చర్చ అనే భాగాలు ఉంటాయని మీకు తెలుసు. శీర్షికను మాత్రం చాలామంది అలంకారంగా భావిస్తారు. అది పొరపాటు. సంపాదకుడు మొదట చూసేది శీర్షికనే. చాలామంది పాఠకులు చదివేది కూడా అదొక్కటే. కాబట్టి శీర్షికలో ఒక్క మాట ఎక్కువైతే వ్యాసం మొత్తం చెప్పని విషయాన్ని చెప్పినట్లవుతుంది.

ఈ సంగతిని మనకు దగ్గరి ఉదాహరణతో చూద్దాం. కల్వకుర్తి నుంచి తూర్పుగా దేవరకొండ వైపు వెళితే నల్లగొండ జిల్లా వస్తుంది. ఈ ప్రాంతమంతా గ్రానైటు నేల. ఆ రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భజలంలోకి చేరుతుంది. అలాంటి నీటిని ఏళ్ల తరబడి తాగినవారికి పళ్లపై మచ్చలు వస్తాయి, ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. ఈ వ్యాధి గురించి వెలువడిన మూడు వ్యాసాల శీర్షికలను ఇక్కడ తెలుగులో ఇస్తున్నాం.

1.2 మూడు శీర్షికలు

మొదటిది: "నల్లగొండ జిల్లా, హైదరాబాద్-దక్కన్‌లో ఫ్లోరోసిస్". ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన ఈ వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఇందులో రెండే అంశాలున్నాయి: వ్యాధి, చోటు. 'దక్కన్' అన్న మాటను గమనించండి. సింధ్‌లో మరో హైదరాబాద్ ఉంది కనుక దూరదేశపు పాఠకుడికి ఆ మాట దారి చూపుతుంది. అయితే వ్యాధి ఏ అవయవాలను ఎలా పట్టిందో ఈ శీర్షిక చెప్పదు. ఇది దీని లోపం.

రెండవది: "ఫ్లోరోసిస్ స్థానికంగా ఉన్న ఒక ప్రాంతంలో జెను వాల్గమ్, ఆస్టియోపొరోసిస్". హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమల కృష్ణస్వామి 1973లో లాన్సెట్‌లో ప్రచురించారు. జెను వాల్గమ్ అంటే మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే స్థితి. ఆస్టియోపొరోసిస్ అంటే ఎముక గుల్లబారడం.

ఈ శీర్షికలోని 'ప్రాంతంలో' అనే మాట దగ్గర ఆగండి. రచయితలు 'ఫ్లోరైడ్ వల్ల' అనలేదు. ఫ్లోరోసిస్ ఉన్నచోట ఈ రెండూ కనిపించాయని మాత్రమే అన్నారు. ఒకేచోట కనబడటం వేరు, ఒకటి మరొకదానికి కారణం కావడం వేరు. ఆ తేడాను శీర్షిక కాపాడింది. తరువాత అదే సంస్థ పరిశోధకులు జొన్న వంటి ధాన్యాల్లోని రాగి, మాలిబ్డినం మోతాదులను కూడా పరిశీలించారు. 'వల్ల' అని ముందే రాసి ఉంటే ఆ ప్రశ్నకు చోటు తగ్గిపోయేది. అయితే ఈ శీర్షికలోనూ లోపం ఉంది. ఊరి పేరు, జిల్లా పేరు లేవు. సొంత జిల్లా గురించి వెతికే పాఠకుడికి శీర్షికను బట్టి ఈ వ్యాసం దొరకదు.

మూడవది: "నల్లగొండ పద్ధతిలో నీటి నుంచి ఫ్లోరైడ్ తొలగింపు". నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు 1975లో ప్రచురించారు. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తెట్టెను అడుగుకు దించి, వడకట్టే పద్ధతి ఇది. ఇక్కడ జిల్లా పేరు పద్ధతి పేరుగా మారింది. ఆ పేరుతోనే పద్ధతి ఇథియోపియా, టాంజానియా వరకు వెళ్లింది. గుర్తుంచుకోవడానికి సులువైన శీర్షికే, కానీ ఫ్లోరైడ్ ఎంత తగ్గుతుందో ఇది చెప్పదు.

మూడింటిలో రెండవదే మేలైనది. తెలిసినదానికీ తెలియనిదానికీ మధ్య గీత ఎక్కడుందో అదొక్కటే చూపుతుంది.

1.3 మీ వ్యాసానికి అన్వయం

మీరు కల్వకుర్తి మండలంలో 20 బోర్ల నీటిని పరీక్షించారనుకుందాం. ఈ మూడు శీర్షికలను పోల్చండి.

(అ) కల్వకుర్తి నీటిలో ఫ్లోరైడ్ ముప్పు
(ఆ) కల్వకుర్తి ప్రజల కీళ్లనొప్పులకు ఫ్లోరైడే కారణం
(ఇ) కల్వకుర్తి మండలంలోని 20 బోర్ల నీటిలో వేసవికాలపు ఫ్లోరైడ్ మోతాదు

(అ)లో 'ముప్పు' అనేది కొలత కాదు, తీర్పు. (ఆ) మీరు పరీక్షించని మనుషుల గురించి మాట్లాడుతుంది. (ఇ) మీరు చేసిన పనినే చెబుతుంది.

ఇది భాషా నియమం మాత్రమే కాదు. భారత తాగునీటి ప్రమాణం (2012) ప్రకారం లీటరుకు 1 మి.గ్రా. ఫ్లోరైడ్ ఆమోదయోగ్యం. వేరే నీటివనరు లేనప్పుడు 1.5 మి.గ్రా. వరకు అనుమతి ఉంది. ఒక బోరులో 1.2 మి.గ్రా. వచ్చిందనుకోండి. 'ప్రమాదకరం' అని రాస్తే ఆ బోరు మీదే ఆధారపడ్డ ఇళ్లవాళ్లు భయంతో దాన్ని వదిలేస్తారు. 'సురక్షితం' అని రాస్తే వేరే నీటికోసం అడిగే హక్కు బలహీనపడుతుంది. అంకెను, ప్రమాణాన్ని పక్కపక్కన పెట్టి రాయడమే నిజాయితీ.

1.4 పంపే ముందు

శీర్షికను చివరిసారి ఫలితాలు రాశాకే ఖరారు చేయండి. బోర్లను ఎలా ఎంచుకున్నారో, నమూనాలను ప్లాస్టిక్ సీసాల్లోనే తీసుకున్నారో లేదో, ఒక్కో నమూనాను ఎన్నిసార్లు కొలిచారో పద్ధతిలో రాయండి. రోగుల వివరాలుంటే వారి అనుమతి తప్పనిసరి. పత్రిక ఇచ్చిన సూచనలను పూర్తిగా చదవండి. ఒకేసారి రెండు పత్రికలకు పంపకండి. సమీక్ష లేకుండా, రుసుము కట్టగానే అచ్చువేస్తామనే పత్రికలకు దూరంగా ఉండండి. సమీక్షకుడు అభ్యంతరం చెబితే దాన్ని నిందగా తీసుకోకండి. మీ మాట మీ అంకెలను దాటిందా అని అడిగే మొదటి పాఠకుడు అతడే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 'ప్రాంతంలో', 'వల్ల' అనే మాటలు శాస్త్ర వ్యాసంలో ఎలా వేరవుతాయి?
2. మొదటి, మూడవ శీర్షికలలోని లోపాలను సవరిస్తూ తిరిగి రాయండి.
3. మీ ఊరి నీటిపై ఒక అధ్యయనాన్ని ఊహించి శీర్షిక పెట్టండి. అందులోని ప్రతి మాటకూ మీ దగ్గర కొలత ఉందో లేదో చూడండి.