ఆకాశానికి కాపలా

అమెరికా మధ్య మైదానాల్లో వసంతమంటే టోర్నడోల కాలం. ఓక్లహోమా, టెక్సస్ ఊళ్లలో అప్పుడు కొందరు హ్యామ్ రేడియో సెట్టు పట్టుకుని, మబ్బు కమ్మిన వైపే చూస్తూ ఊరి చివర నిలబడతారు. వీళ్లకు జీతం లేదు. 1970లలో అక్కడి జాతీయ వాతావరణ సంస్థ మొదలుపెట్టిన స్కైవార్న్ వాలంటీర్లు వీళ్లు.

రాడార్లుండగా మనిషి కన్నెందుకు? భూమి గుండ్రంగా ఉంది కాబట్టి, దూరం వెళ్లేకొద్దీ రాడార్ కిరణం నేలకు ఎత్తుగా సాగుతుంది. మేఘంలో సుడి తెలుస్తుంది గానీ, అది నేలను తాకిందో లేదో కచ్చితంగా చెప్పగలిగేది చాలాసార్లు చూసినవాళ్లే.

ఆ చెప్పడంలోనే వీళ్ల పనితనమంతా ఉంది. మేఘం అడుగున గోడలా దిగిన భాగం తిరుగుతోందా? వడగళ్లు ఏ నాణెమంత ఉన్నాయి? గాలి ఎంత వేగం? ఎక్కడ, ఎప్పుడు, ఏం చూశారో నాలుగు ముక్కల్లో చెబుతారు. ఊహను కలపరు. రేడియోలో సంభాషణ నడిపేవారు పిలిచేదాకా, కొత్త విషయం లేనంతవరకూ మౌనంగా ఉంటారు. బయల్దేరే ముందే బ్యాటరీలు నింపుకుంటారు, తప్పించుకునే దారి చూసుకుంటారు. సెల్ టవర్లు మూగబోయినా వీళ్ల సెట్లు పలుకుతాయి.

డాలస్ చుట్టుపక్కల వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. హెచ్చరిక అందిన రాత్రి పిల్లల్ని కిటికీలు లేని గదిలోకి చేర్చే ఆ తల్లిదండ్రులు కూడా ఈ వాలంటీర్లకు రుణపడి ఉన్నారు. శిక్షణ ఉచితం, ఎవరైనా చేరొచ్చు. మనవాళ్లూ చేరాలి.