మాట వినే యంత్రము: లోపము ఎవరిది?

దీపము ఆర్పుమన్నచో పాట పాడుట, అమ్మకు ఫోను చేయుమన్నచో అర్థము కాలేదని బదులిచ్చుట - మాట విని పనిచేయు యంత్రములను ఇంట నుంచుకొన్నవారికి ఇది తరచు కలుగు అనుభవము. వారు ఒకమారు మెల్లగా, ఒకమారు గట్టిగా, ఒకమారు ఇంగ్లీషు యాసతో చెప్పి చూచి, చివరకు లేచి వెళ్లి మీట నొక్కుకొందురు. తమ ఉచ్చారణయే సరిగా లేదని పెక్కుమంది సరిపెట్టుకొనుచున్నారు. ఈ భావము సరియైనది కాదు. యంత్రము పనిచేయు తీరును విడదీసి చూచినచో లోపము ఎక్కడున్నదో తేటపడును.

మనిషి మాటను యంత్రముచే గుర్తింపజేయు ప్రయత్నము ఈనాటిది కాదు. 1952లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో తయారైన 'ఆడ్రీ' పది అంకెలను గుర్తించెను; అదియు తనకు అలవాటైన గొంతు వినిపించినప్పుడే బాగుగా. 1962లో సియాటిల్ ప్రపంచ ప్రదర్శనలో ఐ.బి.ఎం. వారు చూపిన 'షూబాక్స్'కు 16 మాటలు తెలియును. 1976 నాటికి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో సిద్ధమైన 'హార్పీ' 1,011 మాటలను గుర్తింపగలిగెను. ఆ విశ్వవిద్యాలయములో ఈ పరిశోధనకు నాయకత్వము వహించిన ఆచార్య రాజ్ రెడ్డి చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన తెలుగువారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ బహుమానము పొందిరి. తరువాత 2011లో సిరి, 2014లో అలెక్సా, 2016లో గూగుల్ అసిస్టెంటు ప్రజల చేతికి వచ్చినవి.

ఈ యంత్రముల పనిలో మూడు మెట్లు గలవు. మొదటిది వినుట. మైకు పట్టుకొన్న ధ్వనిని సాధారణముగా సెకనుకు 16,000 పర్యాయములు కొలిచి, చిన్న చిన్న ముక్కలుగా చేసి, అవి ఏ మాటలై యుండునో ఊహించును. రెండవది గ్రహించుట, అనగా ఆ మాటలలోని కోరికను తెలిసికొనుట. మూడవది ఆ కోరిన పని చేయుట. ఒక్కొక్క మెట్టు నూటికి 95 సార్లు సరిగా నడచినదనుకొందము. ఒక మెట్టులోని తప్పునకు మరియొక దానితో సంబంధము లేనిచో, మూడును సరిగా నడచుట నూటికి సుమారు 86 సార్లు మాత్రమే. మూడు చేతులు మారిన కబురు వలెనే ఇదియును చెడుచుండును. ప్రకటనలలో కనిపించు అంకె తరచు మొదటి మెట్టునకు సంబంధించినది. వాడుకరికి అందునది మూడవ మెట్టు చివరనున్న ఫలితము.

ఆ మొదటి అంకెయైనను పూర్తిగా నమ్మదగినదా? తప్పుగా విన్న మాటలు, వదలిన మాటలు, అదనముగా చేర్చిన మాటలు కూడి, పలికిన మాటల సంఖ్యచే భాగించుట ఇప్పటి కొలత. "రేపు ఉదయం ఏడింటికి మందు వేసుకోమని గుర్తు చెయ్యి" అను వాక్యములో ఏడు మాటలున్నవి. యంత్రము 'ఏడింటికి' అన్నదానిని 'ఆరింటికి' అని విన్నచో ఒక తప్పు. 'చెయ్యి'ని 'చేయి' అని వ్రాసినను ఒక తప్పే. 'గుర్తుచెయ్యి' అని కలిపి వ్రాసినచో రెండు తప్పులు! రోగి మందు వేళ మారిపోయిన తప్పు చిన్నది, అర్థము చెడని తప్పు పెద్దది అగుచున్నది. మాటలు అతుకుకొని నడచు తెలుగునకు ఈ కొలత ఎంతమాత్రము చాలదు.

ఎవరి గొంతుతో కొలిచిరను ప్రశ్నయు గలదు. 2016లో మైక్రోసాఫ్టు పరిశోధకులు, ఒక ఇంగ్లీషు సంభాషణల పరీక్షలో తమ యంత్రము నూటికి 5.9 తప్పులతో వృత్తి లేఖకులకు సమానమైనదని ప్రకటించిరి. 2020లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వెలువడిన పరిశోధన ఐదు పెద్ద సంస్థల యంత్రములను పరీక్షించెను. సగటున తెల్లవారి మాటలలో నూటికి 19, నల్లవారి మాటలలో నూటికి 35 తప్పులు వచ్చినవి. దేశమొకటే, భాష ఒకటే. యాస మారినంతనే ఇంత భేదము.

ఇక తెలుగు సంగతి. 2011 జనాభా లెక్కలలో 8 కోట్ల 11 లక్షలమంది తెలుగును మాతృభాషగా చెప్పిరి. కాని యంత్రమునకు కావలసినది జనసంఖ్య కాదు. వ్రాతతో జతపడిన మాట. 2022లో ఓపెన్ ఏఐ విడుదల చేసిన 'విస్పర్' 6,80,000 గంటల ధ్వనిపై శిక్షణ పొందినది. అందులో ఇంగ్లీషు గాక మరి 96 భాషలకు, ఆయా భాషలోనే వ్రాత జతపడిన ధ్వని అంతయు కలిపి 1,17,000 గంటలే. 'పాట'కు 'పాత'కు, 'కల'కు 'కాల'కు గల భేదము మన పసిపిల్లలకు తెలియును. ఇంగ్లీషు శబ్దములపై తీర్చిన యంత్రమునకు అది గట్టిగా పట్టుబడదు. శ్రీకాకుళపు పలుకు, కర్నూలు పలుకు, కరీంనగరు పలుకు వేరువేరుగా వినిపించక తప్పదు గదా!

అన్నిటికంటె విసుగు కలిగించునది మరియొకటి. యంత్రము లోలోపల ప్రతి మాటకు ఎంత నమ్మకమో లెక్కగట్టగలదు. అయినను ఆ సందేహమును తరచు బయటపెట్టదు. సందేహించిన మనిషి "ఏడా, ఆరా?" అని అడుగును. యంత్రము తోచినది చేసి ఊరకుండును, లేదా మొత్తము మరల చెప్పుమనును. కొత్త భాషా నమూనాలు రెండవ మెట్టును మెరుగుపరచిన మాట నిజమే. కాని తప్పును సైతము ధీమాగా చెప్పు గుణము వాటితో వచ్చినది. విన్నదానిని దాచుట వేరొక చిక్కు. పిల్లల గొంతులను అలెక్సా ద్వారా సేకరించి నిలువ ఉంచెనన్న అభియోగముపై 2023లో అమెజాను 2 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించుటకు అంగీకరించెను.

చదువరులకు ఇది కొంత చిరాకుతో ముగియును. వారికి మీటలున్నవి, అక్షరములున్నవి. చదువు రానివారు, చూపు లేనివారు, చేతులు వణకు వృద్ధులు మాటపైననే ఆధారపడవలసియున్నది. ఎవరికి ఈ యంత్రము అత్యవసరమో వారి పలుకే దానికి తక్కువగా అలవాటైనది. రేపు పింఛను, బ్యాంకు, వైద్యశాల పనులు మాటతో నడచునప్పుడు ఈ లోపము హక్కులకే అడ్డు కాగలదు.

2022లో భారత ప్రభుత్వము ప్రారంభించిన 'భాషిణి' దేశభాషల ధ్వనులను సేకరించు పనికి పూనుకొన్నది. ఇది మంచి ఆరంభము. అయితే సేకరణతో పని తీరదు. ఒక్కొక్క ప్రాంతమునకు, వయస్సునకు తప్పుల లెక్క వేరుగా ప్రకటింపవలెను. అంకెలు, పేర్లు, వేళలు చెప్పినప్పుడు యంత్రము మరల అడిగి నిర్ధారించుకొనవలెను. విన్నదేమో వాడుకరికి వినిపింపవలెను. యంత్రమునకు తగినట్లు ప్రజలు తమ పలుకు మార్చుకొనుట అభివృద్ధి కాదు. ప్రజల పలుకును యంత్రము నేర్చుకొనుటయే అభివృద్ధి.