పథ్యము పేర పస్తు

క్యాన్సరు రోగికి ఆహారము తగ్గించినచో కంతి కూడ ఆకలికి మాడి నశించునను నమ్మకము తెలుగునాట నేటికిని వినబడుచున్నది. నర్సీపట్నము నుండి విశాఖపట్నమునకు పోయి కెమోథెరపీ చేయించుకొని వచ్చిన రోగికి గ్రుడ్డు, పాలు, పప్పు మాన్పించి చారన్నముతో సరిపెట్టుట ప్రేమతోనే కావచ్చును. కాని దానికి శాస్త్రాధారము లేదు.

ఈ నమ్మకమునకు ఒక అర్ధసత్యము అండగా నున్నది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ పరిశోధకులు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసిరి. ఫోలిక్ సంబంధ పదార్థముల వలన పిల్లల రక్తక్యాన్సరు చురుకెక్కుటను బోస్టనులో సిడ్నీ ఫార్బరు గమనించెను. అంతట దానికి విరోధియైన అమినోప్టెరిన్‌ను ప్రయోగించి, 16 మందిలో 10 మందికి తాత్కాలికముగ గుణమిచ్చినదని 1948లో ప్రకటించెను. దీనినిబట్టి, తిండి మాన్పించిన క్యాన్సరు ఆగునని తీర్మానించుట పొరపాటు. ఆ మందు కణములోని ఒక రసాయనిక చర్యను అడ్డగించినదే గాని పిల్లలను పస్తుంచలేదు. పస్తున్న దేహము తన కండరములనే కరగించుకొని గ్లూకోజు తయారుచేయును. దానిని కంతియు వాడుకొనును.

కెమోథెరపీ మందులు వేగముగ విభజన చెందు కణములను దెబ్బతీయును. అందుచేత నోటిలోను, ప్రేగులలోను ఉండు పొరలు పుండ్లు పడును. అవి తిరిగి కట్టుకొనుటకు మాంసకృత్తులు అవసరము.

ఐరోపా పోషణ వైద్యసంఘము 2017లో ప్రకటించిన సూత్రావళి ప్రకారము రోగికి రోజునకు, కిలో బరువునకు, 25 మొదలు 30 కాలరీలు, 1 గ్రామునకు మించి వీలైనచో 1.5 గ్రాముల వరకు మాంసకృత్తులు కావలెను. పోషణ లోపించిన రోగులకు శక్తిని తగ్గించు పథ్యములు కూడదని నిష్కర్షగ చెప్పుట ఆ గ్రంథపు గుణము. గ్రాములలో మాటలాడుటయే గాని వంటయింటి గిన్నెలలో మాటలాడకుండుట దాని లోపము. ఆ లెక్క ఇట్లు చెప్పవలెను: 50 కిలోల మనిషికి 50 గ్రాములకు మించి 75 గ్రాముల వరకు మాంసకృత్తులు కావలెను. గ్రుడ్డులో సుమారు 6, నూరు గ్రాముల కందిపప్పులో 22, అంతే చోడిపిండిలో 7 గ్రాములు ఉండును. చారన్నముతో ఈ లెక్క తీరదు.

మధుమేహము, మూత్రపిండముల జబ్బు ఉన్నవారికి వైద్యుని సలహా వేరుగ నుండవచ్చును. తక్కినవారి విషయమున తూకమే సాక్షి. ఆరు నెలలలో బరువు నూటికి 5 పాళ్లు మించి, అనగా 60 కిలోల మనిషికి 3 కిలోలు మించి, తగ్గినచో అది పథ్యఫలమని సంతోషింపరాదు. తరువాతి విడత మందు ఎక్కించుటకు ముందే వైద్యునికి తెలుపవలెను.