డోర్నకల్‌లో ఒక సంసారం

నాన్నకు సెకండ్ షిఫ్టు పడిన వారం మా ఇంట్లో కుటుంబ ప్రార్థన రాత్రి పదకొండున్నర దాటాకే. ఆయన బొగ్గుబాయి నుంచి వచ్చి స్నానం చేసేలోగా అమ్మ కూర వేడిచేసి, మమ్మల్ని లేపి, తడిగుడ్డతో మొహాలు తుడిచి చాప మీద కూర్చోబెట్టేది. ఒక పాట, ఒక వాక్యం, చిన్న ప్రార్థన. పక్క క్వార్టర్ అక్క, భర్త నైట్ షిఫ్టుకు వెళ్లగానే ఒక్కతే ఉండలేక, పిల్లాణ్ని చంకనేసుకుని వచ్చేది. వాళ్లది మల్లన్నకు మొక్కే ఇల్లు. ప్రార్థన అయ్యాక అమ్మ ఆమెకూ కంచం పెట్టేది. గోదావరిఖనిలో అందరం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లమే కదా, పక్కింటివాళ్లే చుట్టాలు.

అందుకే మిషనరీల చరిత్రల్లో నా కళ్లు ముందు వంటింటినే వెతుకుతాయి.

యెల్లందు బొగ్గు లైను కలిసే డోర్నకల్ జంక్షన్‌కు 1909లో అలా ఎక్కడి నుంచో వచ్చిన మిషనరీ కుటుంబం ఒకటి చేరింది. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి తమిళుడు. వై.ఎం.సి.ఎ. ఉద్యోగం వదులుకుని, ముప్పై అయిదో ఏట, భార్య అన్బుతో నిజాం రాజ్యంలో కాపురం పెట్టారు. పంపింది 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ చందాలతో తామే పెట్టుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ. మొదట గుడారమే ఇల్లు. మన తెలుగు ఆ దంపతులకు పరాయి భాష.

1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో ఆయన తెల్లదొరల ముందే నిలబడి, మీ త్యాగాలకు కృతజ్ఞులమే, కానీ మాకు మీ స్నేహం కావాలి అన్న అర్థంలో మాట్లాడారు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసినా తెల్ల మిషనరీలు ఇంటికి పిలవరు, ఒక బల్ల దగ్గర కూర్చోరు. ఆ బాధే ఆ ప్రసంగం నిండా ఉంది. సువార్త పనికి అసలు పరీక్ష భోజనం దగ్గరే జరుగుతుందని నేనూ నమ్ముతాను.

1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఎడ్లబండి మీద, సైకిల్ మీద పల్లెలు తిరిగారు. ఆయన ఊళ్లు తిరుగుతుంటే ఆరుగురు పిల్లల ఇల్లు ఎవరు నడిపారు? అన్బు కాలేజీ దాకా చదివిన మనిషి. సంతలో బేరమాడే తెలుగు, పిల్లాడికి జ్వరమొస్తే పొరుగామెను పిలిచే తెలుగు ఆమెకు ఏ పుస్తకం నేర్పుతుంది? బిషప్‌గారి తేదీలన్నీ దొరుకుతాయి. ఆమె రోజులు దొరకవు. చదివిన ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది.

మన తెలుగువాళ్లూ అలా వెళ్లారు. 1903లోనే తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పంపారు. చెరకు తోటలకూ టీ తోటలకూ గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా పోయిన తెలుగువాళ్ల మధ్య 1915లో చనిపోయేదాకా పనిచేశారు. వెంట వెళ్లిన భార్య కనకమ్మ గురించి ఒకటి రెండు వాక్యాలకు మించి నాకు కనిపించలేదు.

ఇప్పుడూ మన సంఘాల నుంచి జంటలు ఛత్తీస్‌గఢ్‌కూ ఒడిశాకూ వెళ్తున్నాయి. వీడ్కోలు సభలో దండా శాలువా ఆయనకే వేస్తాం. కమిటీ పెద్దలు ఆ రోజే ఇంకొన్ని సంగతులు తేల్చాలి. ఆమెకు అక్కడి భాష నేర్పేది ఎవరు? పిల్లల బడి ఎంత దూరం? కాన్పు వస్తే ఏ ఆసుపత్రి? నెలనెలా పంపే సొమ్ములో, వేళగాని వేళ గుమ్మంలోకి వచ్చే మనిషికి పెట్టాల్సిన అన్నం లెక్క కూడా వేశారా?