ఎక్కే బండి, దిగి కూర్చునే బండి

పికప్‌లోకి మెట్టు మీద కాలేసి, పైనున్న పట్టీ పట్టుకుని ఎక్కాలి. స్పోర్ట్స్ కారులోకైతే ముందు నడుము వాల్చి, తల వంచి, ఆ తర్వాత కాళ్లు లోపలికి లాక్కోవాలి. రోజూ నడిపే బండిని పికప్ నుంచి స్పోర్ట్స్ కారుకు మార్చుకున్నవాళ్లకు మొదట తెలిసొచ్చే తేడా ఇదే, వేగం సంగతి ఆ తర్వాతే. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఈ మార్పు అరుదు. అయినా ఇక్కడి రోడ్లంత గట్టిగా దాన్ని పరీక్షించేవి తక్కువ. గంటలోపు ప్రయాణంలోనే విశాలమైన హైవే, ఊరి నడుమ స్పీడ్ బ్రేకర్లు, కళ్లంగా మారిన తారు రోడ్డు వరసగా తగులుతాయి.

పికప్ ఈ నేలకు బాగా తెలిసిన బండి. ఉద్దానం కొబ్బరి, పనస, పలాస జీడిపప్పు, బొబ్బిలి మామిడి బజారుకు చేరడంలో దానికి పెద్ద వాటా ఉంది. సరుకు కోసం కాకుండా సొంత వాడకానికి కొనే పికప్‌లు తర్వాత వచ్చాయి. ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతోంది. టయోటా హైలక్స్ 2022లో దేశంలోకి వచ్చింది. వీ-క్రాస్ పొడవు 5.3 మీటర్ల దగ్గర, బరువు రెండు టన్నులకు కాస్త అటూ ఇటూ. దాని పక్కన పోర్షే 718 కేమన్‌ను పెట్టి చూస్తే తేడా తేటగా కనబడుతుంది. రెండే సీట్లు, వాటి వెనకే ఇంజను, 1.4 టన్నులకు మించని బరువు.

సీటు ఎత్తు మారితే రోడ్డును చదివే పద్ధతి మారిపోతుంది. పికప్‌లో కూర్చున్నవాడికి ముందున్న రెండు కార్ల పైనుంచి చూపు పోతుంది. టోల్‌గేటు దగ్గర ఏ వరస త్వరగా కదులుతోందో, కూడలిలో ఆటో ఎటు తిరగబోతోందో ముందే తెలుస్తుంది. హైవేలు డిజైన్ చేసేటప్పుడు మన దేశంలో డ్రైవరు కన్ను నేలకు 1.2 మీటర్ల ఎత్తున ఉంటుందని లెక్క వేస్తారు. పికప్ డ్రైవరు దానికంటే బాగా పైన ఉంటాడు. స్పోర్ట్స్ కారు డ్రైవరు ఆ గీత దగ్గరో, దాని కిందో ఉంటాడు. కాబట్టి పై నుంచి చూసే అలవాటు వదిలి, పక్క సందుల్లోంచీ ముందు బండి అద్దాల్లోంచీ చూడడం నేర్చుకోవాలి. ముందు బండికి మరికొంత వెనకగా ఉంటే ఆ సందు దానంతటదే దొరుకుతుంది. రాత్రి పూట ఇంకో చిక్కు ఉంది. ఎదురు లారీ లైటు తిన్నగా కళ్లలో పడుతుంది. సంకిలి చక్కెర ఫ్యాక్టరీ వైపు చెరకు మోసే ట్రాక్టరు వెనక ఎర్ర దీపం లేకుంటే, తక్కువ ఎత్తు నుంచి అది ఆలస్యంగా కనబడుతుంది.

పికప్ వెనక భాగం కమాన్ కట్టల మీద కూర్చుంటుంది. బరువు వేస్తే నిలకడగా ఉంటుంది, ఖాళీగా పోతే గతుకుకు ఎగిరెగిరి పడుతుంది. అది నడిపిన చేయి స్టీరింగును కాస్త ఎక్కువ తిప్పడం, మలుపుకు చాలా ముందే నెమ్మదించడం, బండి ఒరిగి కుదురుకునేదాకా ఆగడం నేర్చుకుని ఉంటుంది. పొట్టిగా ఉండే స్పోర్ట్స్ కారులో ఆ ఆగడం అక్కర్లేదు. తిప్పీ తిప్పకముందే ముక్కు తిరుగుతుంది. పాత చేతి అలవాటుతో తిప్పితే కారు పక్క వరసలోకి పోతుంది. మొదటి వారం రోజులు ఖాళీ రోడ్డు మీద నడిపితే గానీ ఈ కొలత చేతికి రాదు.

పాదం సంగతీ అంతే. వీ-క్రాస్ 1.9 లీటర్ల డీజిల్ ఇంజను 360 న్యూటన్ మీటర్ల టార్క్‌ను 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం నడుమ ఇస్తుంది. అందుకే దాని డ్రైవరు త్వరగా గేరు మార్చేస్తాడు. రెండు లీటర్ల 718 పెట్రోల్ ఇంజను 380 న్యూటన్ మీటర్లను 1,950 నుంచి 4,500 దాకా ఒకే తీరున లాగుతుంది, పైగా మోయాల్సిన బరువు తక్కువ. పికప్‌ను కదిలించేంత గట్టిగా నొక్కితే ఈ కారు దూకుతుంది. బ్రేకు కూడా చప్పున పట్టుకుంటుంది. ఇందులో సుఖంతో పాటు ప్రమాదమూ ఉంది. పైడిభీమవరం దగ్గర ఫ్యాక్టరీ బస్సులూ లారీలూ కలిసిన రద్దీలో కారు పది అడుగుల ముందే ఆగగలదు, వెనకున్న లారీ ఆగలేదు. బ్రేకు మీద కాలు పెట్టేముందు అద్దంలో చూడడం పికప్‌లో మంచి అలవాటు, ఈ కారులో మాత్రం తప్పనిసరి.

ఈ కారు అసలు గుణం ఘాట్ రోడ్డు మీద తెలుస్తుంది. సాలూరు దాటి సుంకి వైపు ఎక్కే దారి, ఎస్.కోట నుంచి అనంతగిరి మీదుగా అరకు పోయే దారి అందుకు తగినవి. బ్రేకు పని తిన్నని భాగంలోనే ముగించి, మలుపులో యాక్సిలరేటరును కదలకుండా నిలిపితే కారు గీత గీసినట్టు తిరుగుతుంది. మలుపు మధ్యలో భయపడి కాలు ఒక్కసారిగా తీస్తే బరువు ముందుకు వాలి, వెనక చక్రాల పట్టు సడలి, తోక బయటికి జారుతుంది. ఇంజను సీటు వెనక ఉన్న కార్లలో ఇది మరీ ఎక్కువ. పికప్‌లో కాలు తీయడమే క్షేమం కాబట్టి ఈ ఒక్క అలవాటును పట్టుబట్టి మాన్పించుకోవాలి. దిగేటప్పుడు మాత్రం లారీ డ్రైవర్ల పాత పద్ధతే రెండింటికీ మంచిది: ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగడం.

అందరూ ముందు అడిగేది స్పీడ్ బ్రేకర్ గురించే. వీ-క్రాస్ కింద 20 సెంటీమీటర్లకు పైగా ఖాళీ ఉంటుంది, స్పోర్ట్స్ కార్ల కింద పన్నెండు, పదమూడే. కాబట్టి ఆ కారు ఇక్కడ నడవదని తేల్చేస్తారు. లెక్క వేస్తే తప్పు కారుది కాదని తెలుస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పుతో, 10 సెంటీమీటర్ల ఎత్తుతో, 17 మీటర్ల వ్యాసార్థం గల వంపులా ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి అది సరిపోతుంది. 718 ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.475 మీటర్లు. ఆ వంపు మీద నిలబెడితే దాని పొట్ట కింద తగ్గే ఖాళీ నాలుగున్నర సెంటీమీటర్లే. చక్రాల మధ్య 3.095 మీటర్లున్న వీ-క్రాస్‌కు 7 సెంటీమీటర్లు తగ్గుతుంది. ప్రమాణం ప్రకారం కట్టిన బ్రేకరు మీద పొట్టి కారు హాయిగా దాటిపోతుంది.

ఊళ్లలో కనబడేది అలాంటిది కాదు. మూరెడు వెడల్పున గట్టులా పోసిన సిమెంటు దిబ్బ, రంగు లేదు, ముందు బోర్డు లేదు. దాన్ని దాటాలంటే కారును దాదాపు ఆపి, మొదటి గేరులో, వెనక మోటార్ సైకిళ్లు లేవని చూసుకుని ఏటవాలుగా ఎక్కించాలి. ముందు ఎడమ చక్రం ఎక్కుతుంది, తర్వాత కుడిది. పొట్ట దిబ్బ మీదికి వచ్చేసరికి ఒక మూల చక్రం ఇంకా పైనే ఉండి కారును ఎత్తి పట్టుకుంటుంది. కిటికీ దించి చెవి పెట్టి వినాలి. సన్నగా గీరిన చప్పుడు వస్తే అక్కడితో ఆగి, వెనక్కు వచ్చి, ఇంకాస్త వాలుగా మళ్లీ ఎక్కించాలి. పికప్ డ్రైవరు ఇదే దిబ్బను చూడకుండానే దాటేస్తాడు. నడుము విరిగేది 108లో పడుకున్న రోగికి, ఆటోలో ఆసుపత్రికి పోయే గర్భిణికి. ఆ దిబ్బలను ప్రమాణానికి తేవాలని అడగడానికి ఎవరి దగ్గరా ఖరీదైన కారు ఉండనక్కర్లేదు.

సంక్రాంతి దాటాక రోడ్డే కళ్లం అవుతుంది. ఉలవలు, చోళ్లు తారు మీద పరిస్తే పోయే బండ్ల చక్రాలే నూర్చి పెడతాయి. పికప్ వాటి మీంచి పోతుంది. పొట్టి కారు పొట్టకు ఉలవకట్టె రాసుకుంటుంది, యాక్సిల్‌కు చుట్టుకుంటుంది, వేడెక్కిన సైలెన్సరుకు తగిలితే అంటుకునే ప్రమాదం కూడా ఉంది. పక్కన దారి ఉంటే తప్పుకోవాలి. లేకుంటే మెల్లగా దాటి, ఆగి, కింద వంగి చూసి చిక్కిన కట్టెను లాగేయాలి.

వర్షాకాలంలో పికప్‌కు సాటి లేదు. హైలక్స్ 70 సెంటీమీటర్ల నీటిలో దిగగలదని కంపెనీ చెబుతుంది. పొట్టి కారుకు మోకాలి లోతు నీరే ఎక్కువ. ఇంజను పీల్చే గాలితో నీరు లోపలికి పోతే, నీరు నొక్కుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరితోటలను కూల్చేసింది. అలాంటి రోజుల్లో ఊళ్లోకి పోగలిగేది ఎత్తున్న బండే. తుపాను హెచ్చరిక వస్తే కారును మెరక మీద పెట్టి తాళం వేయడమే తెలివి.

ఇక టైర్ల విషయం. వీ-క్రాస్ 255/60 ఆర్18 టైరులో రబ్బరు గోడ ఎత్తు 15 సెంటీమీటర్లు, 718 ముందు టైరు 235/45 ఆర్18లో పదిన్నర. గుంతలో పడితే ఆ తేడా మేరకు దెబ్బ రిమ్ముకు చేరుతుంది. ముందు, వెనక టైర్ల సైజులు వేరు కాబట్టి మార్చి వేసుకోవడం కుదరదు. స్టెప్నీ కూడా ఉండదు, పంక్చర్ పూడ్చే ద్రవమే ఇస్తారు. చిన్న మేకు దిగితే అది పనికొస్తుంది, పక్క గోడ చీలితే పనికిరాదు. లారీ టైర్లు గుట్టగా ఉన్న హైవే పక్క కొట్టులో ఈ సైజు అడిగితే దొరకదు. కాబట్టి డిక్కీలో గాలి కొట్టే చిన్న మిషను, ఫోనులో టో చేసే బండి నంబరు పెట్టుకుని, వారానికోసారి పొద్దున్నే టైర్లు చల్లగా ఉండగా గాలి చూసుకోవాలి.