డిసెంబరు 25 వెనుక పాత ప్రతులు

క్రిస్మస్ వచ్చిందంటే సిద్దిపేట నుంచి రామాయంపేట మీదుగా మెదక్ చర్చికి జనం బయలుదేరుతారు. 2016 అక్టోబరు దాకా సిద్దిపేట కూడా మెదక్ జిల్లాలోదే. కరువు కాలంలో చార్లెస్ వాకర్ పోస్నెట్ జనానికి పని చూపించి, తిండి పెట్టి కట్టించిన ఆ చర్చిని ప్రతిష్ఠించింది కూడా 1924 డిసెంబరు 25నే.

ఆ తేదీ మాత్రం బైబిల్లో లేదు. యేసు పుట్టుకను మత్తయి, లూకా సువార్తలు చెబుతాయి గానీ నెలా రోజూ చెప్పవు. జ్ఞానులు ఎందరో మత్తయి లెక్కపెట్టలేదు. కానుకలు మూడు కాబట్టి తెచ్చినవాళ్లూ ముగ్గురే అనుకున్నారు తర్వాతివాళ్లు. తొట్టి లూకాలో ఉంది, దాని పక్కన ఎద్దూ గాడిదా లేవు. గుహ, మంత్రసాని కావాలంటే బైబిల్లో చేరని రెండో శతాబ్దపు గ్రంథం, ‘యాకోబు తొలి సువార్త’ చూడాలి. ఎద్దూ గాడిదా బాలుడికి మొక్కిన కథ ఇంకా శతాబ్దాల తర్వాత మత్తయి పేరిట లాటిన్‌లో వచ్చింది.

ఆది క్రైస్తవ రచనల పరిశోధన ఇలా పొరలు విప్పడంతో మొదలవుతుంది. తెలుగువాళ్లకు ఇది కొత్త విద్య కాదు. పోతన భాగవతంలో గంగన, సింగన, వెలిగందల నారయ పూరించిన స్కంధాలేవో వేరుచేసి చెప్పడం మన పండితులు ఎప్పటినుంచో చేస్తున్నదే. ఎవరి పద్యం ఎవరిదో తెలిసినంత మాత్రాన భాగవతం మీద భక్తి తగ్గలేదు.

ఇక తేదీ సంగతి. క్రీ.శ. 200 ప్రాంతంలో క్రైస్తవ రచయిత అలెగ్జాండ్రియా క్లెమెంట్, కొందరు యేసు పుట్టినరోజు ఈజిప్టు పచోన్ నెల 25 అంటున్నారని రాశాడు. మన లెక్కలో అది మే 20. అదే ఊరి ఓరిజెన్‌కు పుట్టినరోజుల పండుగే నచ్చలేదు. లేఖనాల్లో ఆ వేడుక చేసుకున్నవాళ్లు ఫరో, హేరోదు వంటి పాపులే అన్నాడు. డిసెంబరు 25కు గట్టి ఆధారం రోమా నగరంలో 354లో కూర్చిన ఒక పంచాంగ సంకలనం. అందులోని హతసాక్షుల స్మారక దినాల పట్టిక 336 నాటిదని పరిశోధకుల లెక్క. దాని మొదట్లోనే క్రీస్తు జననం ఉంది. 386లో అంతియొకయలో క్రైస్తవ బోధకుడు క్రిసోస్తోమ్ ప్రసంగిస్తూ, ఈ పండుగ తమ ఊరికి తెలిసి పదేళ్లు కూడా కాలేదన్నాడు.

ఆ రోజే ఎందుకు? ఒక వాదం సూర్యుడి వైపు చూపిస్తుంది. 274లో ఆరేలియన్ చక్రవర్తి రోమాలో ‘అజేయ సూర్యుడి’కి గుడి కట్టించాడు, క్రైస్తవులు సూర్యుడి పండుగ రోజునే తమదిగా చేసుకున్నారంటారు. రెండో వాదం లెక్కది. క్రీస్తు మార్చి 25న మరణించాడని పశ్చిమ దేశాల్లో నమ్మేవారు. గర్భంలో పడ్డదీ ఆ రోజే అనుకుంటే తొమ్మిది నెలలకు డిసెంబరు 25 వస్తుంది. తూర్పున ఏప్రిల్ 6 నుంచి ఇలాగే లెక్కిస్తే జనవరి 6; ఆర్మేనియన్ చర్చి నేటికీ ఆ రోజే పండుగ చేస్తుంది. తమాషా ఏమంటే, డిసెంబరు 25 సూర్యుడి జన్మదినమన్న మాట కూడా ఆ 354 సంకలనంలోనే ఉంది. అందుకే ఎవరు ఎవరి రోజు తీసుకున్నారో తేల్చడం అనుకున్నంత సులువు కాదు.

ఆ సంకలనం మూలప్రతి నేడు లేదు. చాలా తర్వాత తీసిన నకళ్లే మిగిలాయి. పుట్టినరోజుల వేడుకను ఓరిజెన్ తప్పుబట్టింది లేవీయకాండం మీద చేసిన ప్రసంగంలో; అది మనదాకా వచ్చింది రూఫినస్ లాటిన్ అనువాదంలోనే. ఆది క్రైస్తవ రచయిత హిప్పోలిటస్ దానియేలు గ్రంథం మీద రాసిన వ్యాఖ్యానంలో డిసెంబరు 25 కనిపిస్తుంది. అయితే ఆ వాక్యం అన్ని ప్రతుల్లో ఒకే తీరుగా లేదు, ఏప్రిల్ తేదీ కూడా తొంగిచూస్తుంది. ఇలాంటి చోట పరిష్కర్త ప్రతులన్నీ పక్కపక్కన పెట్టుకుంటాడు. ఏ నకలు దేన్ని చూసి రాసిందో ఆరా తీస్తాడు. మొదట ఒకటే ఉంటే రెండోది ఎలా చేరి ఉంటుందని అడుగుతాడు. తను ఎంచుకున్న పాఠాన్ని పైన, వదిలేసిన పాఠభేదాలను పుట అడుగున ఇస్తాడు. తర్వాతివాడు కాదనడానికి వీలుగా సాక్ష్యమంతా బయటపెట్టడమే ఈ పనిలో నిజాయితీ.

ఒకరి పనిని తర్వాతివాళ్లు సరిచూసే ఈ తీరు మన భాషలోనూ ఉంది. తెలుగులో బైబిల్ అనువాదానికి మూడు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 18వ శతాబ్దం తొలి భాగంలో మిషనరీ బెంజమిన్ షుల్జ్ మద్రాసులో చేసిన అనువాదం అచ్చు కాలేదు. విశాఖపట్నంలో మిషనరీ అగస్టస్ డెగ్రాంజెస్‌కు అనువాదంలో ఆనందరాయర్ తోడయ్యాడు. డెగ్రాంజెస్ 1810లో చనిపోగా, వాళ్ల సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. 1818లో మద్రాసులో ప్రిచెట్ అనువదించిన కొత్త నిబంధన వచ్చింది. ఒకరి పనిని ఇంకొకరు దిద్దుకుంటూ పోతే తెలుగు బైబిల్ నిలబడింది.

క్లెమెంట్‌నూ ఓరిజెన్‌నూ తెలుగులోకి తెచ్చేవాళ్లకూ ఇదే దారి. ఏ భాష నుంచి, ఏ ముద్రణ నుంచి చేశారో మొదటి పుటలోనే చెప్పాలి. సందేహమున్న వాక్యాన్ని నున్నగా చెక్కి దాచకూడదు. అప్పుడు ఈ తేదీ ఎక్కడిదని పిల్లలు అడిగితే, ‘పెద్దలు చెప్పారు’ అని ఊరుకోకుండా, ఏ పెద్దలు, ఎప్పుడు, ఏ ఆధారంతో చెప్పారో ఇంట్లోనే చూపించగలుగుతాం. పండుగను నమ్మేవాళ్లకూ, చరిత్ర కోసం చదివేవాళ్లకూ అది సమానంగా పనికొచ్చే ఆస్తి.